గొణిగే గేటు

మా చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసి నాతో ఒట్టు వేయించుకుంది.

"అన్నయ్యా, ఈ ఒక్క పూటా నోరు కట్టేసుకో. పిల్ల సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. నువ్వు పక్కన నిలబడి అది బాలేదు, ఇది బాలేదు అని గొణిగావంటే దానికి కాళ్లూ చేతులూ ఆడవు. అది ఏమడిగినా ఊఁ అను. అంతే."

"ఊఁ."

"ఇప్పుడు కాదు, అక్కడ."

"ఊఁ."

"నీతో చచ్చే చావొచ్చింది," అని పెట్టేసింది.

మా ప్రెస్సులో నన్ను గొణుగుడు మాస్టారంటారు. ఆ పేరు పెట్టింది అచ్చు మిషను నడిపే స్పానరు. వాడికి స్పానరని పేరు పెట్టింది నేను. చెల్లుకు చెల్లు. నాది ప్లేట్లు తీసే పని. కంప్యూటర్‌లోకి వచ్చిన పేజీని పల్చటి అల్యూమినియం రేకు మీదికి ఎక్కించి ఇస్తాను, స్పానరు దాన్ని మిషనుకు బిగించి పేపరు అచ్చేస్తాడు. మాది సాయంత్రం పేపరు. మధ్యాహ్నానికి మిషను తిరగాలి, ఆఫీసులు వదిలే వేళకు పేపరు రోడ్డు మీద ఉండాలి. ఆ వేళ దాటిపోతే అది పొట్లాలు కట్టుకోవడానికి తప్ప దేనికీ కొరగాదు.

నేను ఈ పనిలోకి వచ్చేనాటికి ఇక్కడ సీసం అక్షరాలుండేవి. ఫిల్ము వచ్చింది, అక్షరాలు పేర్చేవాళ్లు ఇళ్లకు పోయారు. ఫిల్ము పోయి నేరుగా ప్లేటు వచ్చింది, ఫిల్ము అతికించేవాళ్లు పోయారు. మమ్మల్ని ఉద్ధరించడానికి వచ్చిన ప్రతి యంత్రమూ వస్తూ వస్తూనే ఎవరిదో ఒకరి కుర్చీ లాగేసింది. ఆఖరికి మేడ మీద పేజీలు కట్టేవాళ్లు కూడా హాలు ఖాళీ చేసి, తలా ఒక ఊళ్లో ఇంట్లో కూర్చుని పని చేయడం మొదలుపెట్టారు. ఆ హాలు డాన్సు నేర్పేవాళ్లకు అద్దెకిచ్చారు. ఇప్పుడు పైన తాళం వేస్తే కింద మా నెత్తిన సున్నం రాలుతుంది.

మిగిలింది కింద మేము. ఆ మిగలడం కూడా ఈ రోజుతో తేలిపోతుంది.

ఎలాగంటే, పేజీలు కట్టేవాళ్లు వెళ్లిపోయాక పేజీలు మెయిళ్లలో రావడం మొదలైంది. ఒకే పేజీ నాలుగు సార్లు వచ్చేది, ఏది అసలో ఏది సవరించిందో ఆ పంపినవాడికే తెలిసేది కాదు. ఓ రోజు ముందునాటి సినిమా పేజీనే మళ్లీ అచ్చేశాం. జనం నవ్వారు. యజమానురాలు నవ్వలేదు. పక్క ఊళ్లోని పెద్ద ప్రెస్సువాళ్లు, పేజీలు తీసుకోవడం దగ్గర్నుంచి అచ్చు దాకా అంతా మాకే వదిలేయండని ఆవిడ వెంట పడుతున్నారు. అలాగైతే మా ప్రెస్సుకు తాళమే. అప్పుడు మా చెల్లెలి కూతురు ఆవిడ దగ్గరికెళ్లి, పేజీలు తప్పు లేకుండా నేరుగా ఇక్కడికే చేరే దారి నేను వేస్తానంది. యజమానురాలు ఒక్కటే మాటన్నారు. "కొత్త దారిలో పేజీలు వచ్చి మధ్యాహ్నానికి మిషను తిరిగితే ప్రెస్సు ఉంటుంది. తిరక్కపోతే ఆ సాయంత్రమే పెద్ద ప్రెస్సుకు సరే అనేస్తాను."

ఆ రోజు ఇదే.

ఆ దారి ఏమిటో మేనకోడలు నాకు ముందే చెప్పింది. పేజీలు కట్టే ప్రోగ్రాములు ఒక అద్దె క్లౌడ్‌లో ఉంటాయి. ఫొటోలు ఇంకో క్లౌడ్‌లో, ఎందుకంటే అక్కడ అద్దె తక్కువ. అవి రెండూ, మా ప్రెస్సు మూలనున్న కంప్యూటరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి.

"క్లౌడంటే ఆకాశంలో ఏం లేదు మావయ్యా. ఎవరివో పెద్ద పెద్ద మిషన్లు. వాటిలో మనం వాటాలు అద్దెకు తీసుకుంటాం. వర్చువల్ మెషీనంటే వంటిల్లుతో సహా వేరే వాటా. కంటైనరంటే వంటిల్లు ఉమ్మడి, గదికి మాత్రం ఎవరి తాళం వాళ్లదే."

"అత్తా కోడలూ ఒకే పొయ్యి మీద వండుకున్నట్టు."

"అదే. అందుకే ఎవరి సామాను ఎవరూ ముట్టుకోకుండా చూడటమే నా ఉద్యోగం."

"మరి ఈ వాటావాళ్లు ఆ వాటావాళ్లతో మాట్లాడాలంటే?"

"మధ్యలో సొరంగం వేస్తాం. మా భాషలో టన్నెల్. బయటివాళ్లకి లోపలేం పోతోందో కనపడదు. సొరంగానికి ఇటూ అటూ గేట్లు, ఆ గేట్లలో ఎవర్ని రానివ్వాలో ఎవర్ని వద్దనాలో రూల్స్."

వారం నుంచీ పరీక్షలన్నీ సాఫీగా నడిచాయి. ముందు రోజు సాయంత్రం వెళ్లబోతూ, "రేపు అసలు పని కదా, గేట్లన్నీ గట్టిగా బిగించి వెళ్తున్నా," అంది. బిగించమన్నాను. బిగించడానికి నాదేం పోయింది?

మా చెల్లెలు ఒట్టు వేయించుకున్న కాసేపటికి నేను ప్రెస్సు తలుపు తీశాను. మేనకోడలు ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసింది.

"మావయ్యా, బయల్దేరే ముందు పరీక్షకి రెండు పేజీలు పంపుతున్నా. తెర మీద చూడు."

మొదటిది నాలుగు గీతలున్న ఉత్త పేజీ. టక్కున వచ్చి పడింది. రెండోది నిండా ఫొటోలున్న పేజీ. దాని పేరు వచ్చింది. పేరు పక్కన చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది.

"వచ్చాయా మావయ్యా?"

రెండోది బొంగరంలా తిరుగుతోందే తల్లీ అని నాలుక చివరిదాకా వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. అయినా నేనేదైనా అంటే గొణిగాడన్నవాళ్లే గానీ చెప్పాడన్నవాళ్లు ఈ కొంపలో ఇప్పటిదాకా లేరు.

"ఊఁ," అన్నాను.

"రెండూనా?"

"ఊఁ."

"హమ్మయ్య," అని పెట్టేసింది.

ఆ చక్రం ఎప్పుడో తిరిగి తిరిగి ఆగుతుందిలే అని నేను ప్లేట్లు కడిగే మందు కలుపుకోవడానికి పోయాను.

పొద్దెక్కేసరికి అందరూ చేరారు. మేనకోడలు కాగితాలు కట్టలు కట్టే బల్ల తుడిచి లాప్‌టాప్ పెట్టుకుంది. యజమానురాలు వచ్చి, కుర్చీ వేస్తానన్నా వినకుండా పేపరు రీలు మీద కూర్చున్నారు. ఆవిడ తండ్రిగారు కూడా అలాగే కూర్చునేవారు. స్పానరు మిషనుకు నూనె పెట్టి, ఇంకు దొన్నెల్లో గరిట తిప్పి, ఇంకేం పని లేక నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

పేజీలు కట్టేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఒకటొకటిగా పంపడం మొదలుపెట్టారు. మా తెర మీద పేర్లు బారులు తీరాయి. మొదటి పేజీ, ఆటల పేజీ, బజారు ధరల పేజీ. పేరు పేరుకీ పక్కన ఆకుపచ్చ చుక్క. అంటే పంపడానికి సిద్ధమని. ఆ చుక్క పక్కన చక్రం.

ఒక్క పేజీ రాలేదు.

"పెళ్లికి పిలుపులన్నీ అందాయి, చుట్టాలే రాలేదు," అన్నాడు స్పానరు.

నేను నోరెత్తలేదు. వాడు వింతగా నా వైపు చూశాడు. "ఏం మాస్టారూ, ఒంట్లో బాగాలేదా?"

"ఊఁ."

మేనకోడలి వేళ్లు చకచకా కదులుతున్నాయి. "కంటైనర్లన్నీ లేచే ఉన్నాయి. ఒక్కటీ పడిపోలేదు," అంది తనలో తను. పేజీలు పంపే కంటైనర్ని ఆపి మళ్లీ లేపింది. అదే చక్రం. ఆ క్లౌడ్‌లోనే ఏదైనా తేడా ఉందేమోనని, దాన్ని అక్కడ పూర్తిగా ఖాళీ చేయించి రెండో క్లౌడ్‌లో కాపురం పెట్టించింది. సామాను సర్దుకున్నంత సేపు కూడా పట్టలేదు. అక్కడా అదే చక్రం. మళ్లీ పాత వాటాకే తెచ్చి పెట్టింది. సొరంగం తెగిందేమోనని చూసింది. తెగలేదు. ఇటు నుంచి పలకరిస్తే అటు నుంచి బదులొస్తోంది.

"పలకరిస్తే పలుకుతున్నారు, పని చెప్తే కదలట్లేదు," అంది విసుగ్గా.

"మన ఆఫీసులానే ఉందే," అన్నాడు స్పానరు. ఎవరూ నవ్వలేదు.

పైన డాన్సు మొదలైంది. లాప్‌టాప్ మీద చిటికెడు సున్నం రాలింది. మేనకోడలు ఉఫ్‌మని ఊదింది. దాని పై పెదవి మీద చెమట పట్టింది. చిన్నప్పుడు పలక మీద లెక్క తెగనప్పుడు కూడా దానికి అక్కడే చెమట పట్టేది.

"అమ్మగారూ, ఈ పూటకి మెయిల్లో తెప్పించుకుని కొట్టేద్దామా?" అన్నాడు స్పానరు.

"ఈ పూట గడుస్తుంది. రేపు?" అన్నారు యజమానురాలు. కోపంగా కాదు. "నేను చూడాలనుకున్నది పేపరు వస్తుందా రాదా అని కాదు, ఈ దారి నిలబడుతుందా అని." అని చేతి గడియారం చూసుకున్నారు. ఫోను ఒళ్లోనే ఉంది. ఆ ఫోనులో ఎవరి నంబరుందో అందరికీ తెలుసు.

మేనకోడలు ఉన్నట్టుండి నా వైపు తిరిగింది. "పొద్దున ఫొటోల పేజీ వచ్చింది కదా మావయ్యా? అప్పుడు లేనిది ఇప్పుడెందుకొచ్చింది? అందరూ ఒకేసారి పంపడం వల్లేనా?"

"రాలేదు," అన్నాను.

"ఏంటి?"

"గీతల పేజీ వచ్చింది. ఫొటోల పేజీ రాలేదు. ఇదిగో ఇలాగే తిరిగింది."

"వచ్చిందన్నావుగా!"

"నేనెక్కడన్నాను? ఊఁ అన్నాను."

"ఊఁ అంటే వచ్చిందనేగా మావయ్యా!"

"ఊఁ అంటే ఊఁ. అంతకంటే మాట్లాడొద్దని మీ అమ్మ ఒట్టు వేయించుకుంది. ఇన్నేళ్లూ నోరు తెరిస్తే గొణుగుడన్నారు. మూసుకుంటే ఇదా? ఇంతకీ నేను మనిషినా, ఇంట్లో గోడ గడియారాన్నా? మీకు కావాల్సినప్పుడు కొట్టి, వద్దన్నప్పుడు ఆగడానికి?"

స్పానరు ఊపిరి పీల్చుకున్నాడు. "మాస్టారికి తగ్గిపోయిందమ్మా."

నేను ఇంకా అనేవాణ్నే, కానీ పిల్ల వినడం లేదు. కళ్లు తెర మీద లేవు, నా మీదా లేవు. "పొద్దుటే రాలేదా..." అంది మెల్లగా. "అంటే రద్దీ కాదు. నిన్న మధ్యాహ్నం అదే పేజీ వచ్చింది. నిన్నటికీ పొద్దుటికీ మధ్య నేను చేసింది ఒక్కటే. గేట్లు బిగించాను."

గబగబా ఏదో కొట్టింది. సొరంగంలోకి చిన్న పలకరింపు పంపింది. బదులొచ్చింది. దాన్ని కొంచెం పెద్దది చేసి పంపింది. వచ్చింది. ఇంకా పెద్దది చేసింది. అంతే, అటు నుంచి చడీచప్పుడూ లేదు. మళ్లీ తగ్గించింది. వచ్చింది. పెంచింది. లేదు.

"దొరికింది," అని బల్ల మీద ఒక్కటి చరిచింది. రాలిన సున్నం మళ్లీ లేచింది.

"తెలిసేలా చెప్పమ్మాయ్," అన్నారు యజమానురాలు.

"పేజీ ముక్కలై, పొట్లాలుగా పోతుందండి. సొరంగంలోకి వెళ్లే ప్రతి పొట్లానికీ పైన ఇంకో కవరు చుడతాం, ఎవరూ చూడకుండా. ఆ కవరు మందం ఉంటుంది కదా, అందుకని లోపలి పొట్లం కాస్త చిన్నదిగా ఉండాలి. పెద్దది వస్తే గేటు దాన్ని ఆపి, ఇది పట్టదు, చిన్నది చేసి పంపమని వెనక్కి కబురు పెడుతుంది. పంపినవాళ్లు అలాగే చిన్నవి చేసి పంపుతారు. వారం రోజులుగా జరిగింది అదే. నిన్న నేను ఆ కబుర్లు పోకుండా మూసేశాను."

"ఎందుకు?"

పిల్ల ముఖం ఎర్రబడింది. "అనవసరమైన వాగుడనుకున్నానండి. బయటివాళ్లు వింటే ప్రమాదమని పలకరింపు ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపేశాను. ఇప్పుడు గేటు పట్టదంటోంది, ఆ మాట ఎవరికీ చేరట్లేదు. పంపేవాళ్లు అదే పెద్ద పొట్లం మళ్లీ మళ్లీ పంపుతున్నారు. గేటు మళ్లీ మళ్లీ పారేస్తోంది."

"అంటే గేటు గొణుగుతోంది, నువ్వు నోరు నొక్కావు," అన్నాను.

"మీ ఇంటి గేటే అయ్యుంటుంది," అన్నాడు స్పానరు.

ఈసారి యజమానురాలు నవ్వారు. గడియారం మాత్రం నవ్వడం లేదు. ముళ్లు రెండూ పన్నెండుకు దగ్గరవుతున్నాయి. పిల్ల గేటు రూల్ సడలించింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ధరల పేజీ పక్కన చక్రం మాయమై, పేజీ వచ్చి కూర్చుంది. దాని వెనక ఆటల పేజీ. దాని వెనక మొదటి పేజీ. పైన డాన్సు కాళ్లకు తగ్గట్టే ఒకటొకటి వచ్చి పడుతున్నాయి.

"ప్లేట్లు! ప్లేట్లు!" అని స్పానరు పరిగెత్తాడు.

నేను మొదటి పేజీ ఎక్కించబోతూ ఆగాను. పేజీ నడుమ పెద్ద ఫొటో. వంతెన మీద జనం. జనం ముఖాలు గళ్లు గళ్లుగా, చిన్నపిల్లలు రంగు రాళ్లు పేర్చినట్టున్నాయి.

"కానివ్వండి, టైమైపోతోంది," అన్నారు యజమానురాలు.

ఇక్కడ ఊఁ అంటే సరిపోయేది. మిషను తిరిగేది, ప్రెస్సు నిలిచేది, ఫొటో సంగతి రేపు చూసుకునేవాళ్లం. ఒట్టుకు ఒట్టూ దక్కేది. కానీ ఆ ముఖాలు చూస్తుంటే నా చెయ్యి మీట మీదికి పోలేదు.

"కాదమ్మగారూ, ఇది బాలేదు," అన్నాను. "దారి నిలబడుతుందా అని కదా మీరడిగింది? ఇలాంటి ఫొటోతో వస్తే రేపు జనం మళ్లీ నవ్వుతారు. ఏమే, ఈ ఫొటో ఏంటే ఇలా వచ్చింది?"

మేనకోడలు వచ్చి నా భుజం మీంచి వంగి చూసింది. నెత్తి కొట్టుకుంది. "ఫొటోల క్లౌడ్ గేటు మర్చిపోయా మావయ్యా! అదింకా మూసే ఉంది. అసలు ఫొటో రాలేక, దాని చిన్న నమూనా ఒక్కటే వచ్చి కూర్చుంది." అక్కడికక్కడే ఆ గేటూ సడలించింది. సొరంగం ఆ చివరా ఈ చివరా, పొట్లం మొదట్లోనే చిన్నదిగా కట్టేలా కొలత కూడా మార్చింది. పేజీ మళ్లీ వచ్చింది. ఈసారి వంతెన మీద ఒకామె చెవి పోగు కూడా కనిపించింది.

తర్వాత మాటల్లేవు. ప్లేటు తీయడం, కడగడం, అంచు వంచడం, స్పానరు చేతికివ్వడం. బిగించాడు. మిషను మొదట దగ్గింది. పనికిరాని కాపీలు కొన్ని బయటపడ్డాయి, నలుపు ఎక్కువై, ఎరుపు పక్కకు జరిగి. స్పానరు చెవి ఒగ్గి వింటూ మరలు తిప్పాడు. ఆ పైన నేల అదరడం మొదలైంది, పైన డాన్సు కింద మిషనూ ఒక్క తాళంలో పడ్డాయి. మడత పడిన పేపర్లు బారుగా వస్తుంటే యజమానురాలు ఒకటి తీసి తిరగేసి, గడియారం చూశారు. మధ్యాహ్నం కావడానికి ఇంకా కొంచెం మిగిలే ఉంది.

ఆవిడ ఫోను తీసి గుమ్మం దాకా నడిచారు. మిషను చప్పుడులో ఏమన్నారో వినపడలేదు. తిరిగొచ్చి, "అక్కర్లేదని చెప్పేశాను," అన్నారు. ఆ మీద నా వైపు చూసి, "మీరు రోజూ ఏదో అంటూనే ఉంటారు. నేను వినను. ఇకనుంచి బాలేనిది నేరుగా నాకే చెప్పండి," అన్నారు.

"అలాగైతే మాస్టారు రోజంతా మీ దగ్గరే ఉండాల్సొస్తుందమ్మగారూ," అన్నాడు స్పానరు.

చెల్లెలు సాయంత్రం ఫోన్ చేసింది. "ఒట్టు తప్పావట," అంది. ఊఁ అన్నాను. అవతల గట్టిగా నవ్వింది. మా చెల్లెలు అలా నవ్వి చాలా కాలమైంది.

ఆ వారంలోనే మేనకోడలు ఇంకో చిన్న కంటైనరు పెట్టింది. దానికి వేరే పనేం లేదు. తెల్లారి లేచిన దగ్గర్నుంచి ప్రతి గేటు దగ్గరికీ వెళ్లి, ఒక చిన్న పొట్లం, ఒక పెద్ద పొట్లం లోపలికి నెట్టి చూస్తుంది. పోకపోతే పిల్ల ఫోనులో, నా తెర మీద, యజమానురాలి ఫోనులో నస పెడుతుంది. ఎవరైనా వచ్చి చూసేదాకా ఆపదు. దానికి ఏం పేరు పెట్టావే అంటే తెర చూపించింది. "మావయ్య" అని ఉంది. పక్కన ఆకుపచ్చ అక్షరాల్లో ఆ పూట కబురు: "అంతా బ్రహ్మాండంగా ఉంది."

"ఇదేంటే? నా నోటి వెంట ఎప్పుడైనా ఆ మాట విన్నావా?"

"మరేం రాయమంటావు?"

చుట్టూ చూశాను. మిషను తిరుగుతోంది. స్పానరు దాని మీద చెయ్యేసి, ఆవును నిమిరినట్టు నిలబడ్డాడు. పైనుంచి సున్నం రాలుతోంది, కానీ ఆ డాన్సువాళ్లతో మాట్లాడతానని యజమానురాలు నిన్ననే అన్నారు.

"ఇప్పటికి ఫర్వాలేదు, అని రాయి," అన్నాను.

రాసింది.